ఏప్రిల్‌లో చేరమంటున్నారు, అందరం బెంగళూరు వెళ్ళిపోవాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మహబూబ్‌నగర్. మా ఆయన జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పదకొండేళ్ళుగా చేస్తున్నాడు, చేతికి 42 వేలు వస్తుంది. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, నాకు 18 వేలు. ఇల్లు సొంతం. అత్తమ్మకి 71 ఏళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు, మాతోనే ఉంటుంది. ఆడబిడ్డ జడ్చర్లలో ఉంటుంది. పాప ఆరో తరగతి, బాబు ఒకటో తరగతి. మేము బీసీ-డి. ఇప్పుడు మా ఆయనకి బెంగళూరులో, బొమ్మసంద్ర వైపు ఆఫర్ వచ్చింది. సంవత్సరానికి 9 లక్షలు, అంటే నెలకి 75 వేలు. ఏప్రిల్‌లో చేరాలి. ఇక్కడ ఎదుగూ బొదుగూ లేదు, అందరం వెళ్ళిపోదాం, పిల్లల జీవితాలైనా బాగుపడతాయి అంటాడు. అక్కడున్న ఆయన ఫ్రెండు రెండు బెడ్‌రూముల ఇంటికి 20 వేలు అద్దె కడుతున్నాడట. అత్తమ్మ నేను రానంటోంది. పాప డాక్టర్ అవుతానంటుంది. మా అమ్మవాళ్ళు వెళ్ళమంటున్నారు, స్కూల్లో తోటి టీచర్లు వద్దంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. మీరైనా చెప్పండి, వెళ్ళమంటారా వద్దంటారా?
- ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్

సమాధానం:

చెల్లీ, నిద్ర పట్టట్లేదన్నావు కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. ఆయన ఏప్రిల్‌లో వెళ్ళి చేరడం మంచిదే, చేరనివ్వు. కానీ ఇల్లు ఖాళీ చేసి, ఉద్యోగం మానేసి, పిల్లల టీసీలు తీసుకుని, మళ్ళీ ఎప్పుడు వస్తామో అనుకోకుండా అందరూ ఒకేసారి వెళ్ళిపోవడం మాత్రం వద్దు. వెళ్ళడం పెద్ద విషయం కాదు, రైలెక్కితే పొద్దున్నకల్లా బెంగళూరే. ఏ తేదీ లోపల తిరిగొస్తే ఏమీ పోగొట్టుకోకుండా రాగలం అన్నదే అసలు విషయం, ఆ తేదీ నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు మాత్రం అలాంటి తేదీ ఒకటుంది. పాప తొమ్మిదో తరగతి మొదలయ్యే రోజు. దాని సంగతి వివరంగా చెప్తాను, ముందు జీతం చూద్దాం.

నెలకి 75 వేలు అన్నావు. అది 9 లక్షల్ని 12తో భాగిస్తే వచ్చిన సంఖ్య, చేతికొచ్చే జీతం కాదు. ఆఫర్ లెటర్‌లో ఉండేది సీటీసీ, అంటే మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అందులో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపి చూపిస్తారు, చాలా కంపెనీలు గ్రాట్యుటీ కూడా కలుపుతాయి. మామూలుగా బేసిక్ సగం ఉంటుందనుకుందాం, అంటే 37,500. దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 4,500. గ్రాట్యుటీ 4.81 శాతం, దాదాపు 1,800. ఆయన జీతంలోంచి కోసే పీఎఫ్ ఇంకో 4,500. ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. ఇవన్నీ పోతే చేతికి 64 వేలు. పీఎఫ్ డబ్బు మీదే, ఎక్కడికీ పోదు, కానీ దాంతో నెల గడవదు కదా. కొత్త పద్ధతిలో ఈ జీతానికి ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, అది ఒక్కటి నయం. 9 లక్షల్లో వేరియబుల్ పే అని ఏమైనా ఉంటే ఇంకా తగ్గుతుంది, అది సంవత్సరం చివర ఇస్తే ఇచ్చినట్టు.

ఇప్పుడు ఆయనకి 42 వేలు చేతికొస్తోంది. అంటే నిజంగా పెరిగేది 22 వేలు. అందులో 20 వేలు అద్దె, ఇక్కడ మీకు అద్దె లేదు. మిగిలింది 2 వేలు. నువ్వు ఉద్యోగం మానేస్తే నీ 18 వేలు పోతాయి. కూడికలు తీసివేతలు అయ్యాక మీ ఇంటికి నెలకి 16 వేలు తక్కువ వస్తుంది, పైగా స్కూలు ఫీజులు, అత్తమ్మ ఇక్కడే ఉంటే రెండు చోట్ల కరెంటు బిల్లు, రెండు చోట్ల సరుకులు, పండగలకి రానూపోనూ ఛార్జీలు. అదే నీకు అక్కడ 22 వేల ఉద్యోగం దొరికిందనుకో, ఇప్పుడున్న 60 వేలకి బదులు అద్దె పోను 66 వేలు మిగులుతుంది. కాబట్టి ఈ మార్పు మంచిదా చెడ్డదా అని తేల్చేది ఆయన జీతం కాదు, నీ జీతం. అంత పెద్ద ఉత్తరంలో నీ ఉద్యోగం గురించి రాసింది ఒక్క ముక్క, అది చదివి నాకు బాధేసింది.

హెచ్ఆర్‌కి ఫోన్ చేసి, నెలనెలా బ్యాంకులో ఎంత పడుతుందో మెయిల్‌లో రాసి పంపమని ఆయన్ని అడగమను. అడిగితే ఆఫర్ పోతుందేమో అని భయపడకండి, అందరూ అడిగేదే. 9 లక్షలకి బదులు పదిన్నర అడగొచ్చు కూడా, పదకొండేళ్ళ అనుభవం ఉన్న క్వాలిటీ కంట్రోల్ మనిషి అడగకపోతేనే తప్పు.

ఇప్పుడు పాప చదువు. దీని మీద నాకు చాలా పట్టింపు, ఎందుకో నా సంగతి చెప్తే నీకే తెలుస్తుంది. మేము 2009 జూన్‌లో బెంగళూరు వెళ్ళాం, మా వాడు అప్పుడు మూడో తరగతి. ఆరేళ్ళు ఉన్నాం. 2015లో మా నాన్నకి ఆరోగ్యం బాగా దెబ్బతిని వెనక్కి వచ్చేశాం, వాణ్ణి ఇక్కడ తొమ్మిదిలో చేర్చాం. నియమం తెలిసి కాదు, అలా కుదిరింది అంతే. 2019లో ఎంసెట్ అప్లికేషన్ నింపుతుంటే, తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు ఎక్కడ చదివారో ఒక్కో సంవత్సరం ఒక్కో గడిలో నింపమంది. అన్నీ తెలంగాణ అని నింపాం. ఒక్క సంవత్సరం ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో అర్థమై నాకు చేతులు చల్లబడ్డాయి. అక్కడ మా పక్క ఫ్లాట్‌లో ఉండే వరంగల్ వాళ్ళు, పదో తరగతి అక్కడ పూర్తి చేయించి ఇంటర్‌కి పాపని ఇక్కడికి తీసుకొచ్చారు. ఆ అమ్మాయి నాన్-లోకల్ అయింది, అంటే ఇక్కడి పిల్లలకని పక్కన పెట్టిన సీట్లకి పనికిరాకుండా పోయింది. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, ఇక్కడ పుట్టింది, ఇక్కడ మా ఇల్లుంది, మా ఓట్లు ఇక్కడున్నాయి, నాన్-లోకల్ ఏంటి అక్కా అని ఏడ్చింది. పుట్టిన ఊరు, ఓటు, ఆస్తి, ఇవి లెక్కలోకి రావు. పిల్లలు ఎక్కడ చదివారన్నదే లెక్క.

ఇది కొత్తగా వచ్చింది కాదు, రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు దీనికి మూలం. తెలంగాణలో మెడికల్ సీట్ల విషయంలో 2024లో జీవో 33 ఇచ్చి దీన్ని ఇంకా బిగించారు. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివి, ఇంటర్ ఇక్కడే పాసై ఉండాలి. దాని మీద పెద్ద గొడవే జరిగింది, చివరికి 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైన్యంలో పనిచేసేవాళ్ళు లాంటి కొందరి పిల్లలకి సడలింపులు ఉన్నాయి, మీ ఆయనది ప్రైవేట్ కంపెనీ కాబట్టి మీకు అవేవీ వర్తించవు.

సరే, అక్కడే ఉండిపోతే కర్ణాటక కోటాలో సీటు వస్తుంది కదా అంటావేమో. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, జాగ్రత్తగా చదువు. కర్ణాటక వాళ్ళ నియమం ప్రకారం ఒకటి నుంచి పన్నెండు మధ్య కనీసం ఏడేళ్ళు అక్కడ చదివి ఉండాలి, పదో పన్నెండో ఏదో ఒకటి అక్కడే పాసవ్వాలి. తల్లిదండ్రులకి అక్కడి చదువో ప్రభుత్వ ఉద్యోగమో ఉంటే వేరే దారులున్నాయి, మీకు లేవు. మీ పాప ఈ జూన్‌లో ఏడో తరగతిలో చేరుతుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. వేళ్ళ మీద లెక్కపెట్టు. ఆరే అయ్యాయి. ఒక్క సంవత్సరం తక్కువ. కిందటి జూన్‌లో ఆరో తరగతికి వెళ్ళి ఉంటే సరిపోయేది. అంటే పాప అక్కడే ఇంటర్ దాకా చదివితే అక్కడా రాష్ట్ర కోటాకి పనికిరాదు, ఇక్కడా పనికిరాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 85 శాతం సీట్లు రాష్ట్ర కోటావే. మిగతా 15 శాతం ఆలిండియా కోటా, ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థలే ఆమెకి మిగులుతాయి, వాటికి దేశం మొత్తం పోటీ. ఇవి కాక ప్రైవేట్ కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లు, డీమ్డ్ యూనివర్సిటీలు ఉన్నాయి గానీ ఆ ఫీజులు మీ ఇద్దరి జీతాలతో అయ్యేవి కావు.

డాక్టర్ అవుతానన్న ఆరో తరగతి పిల్ల రేపు ఇంకేదో అవుతానంటుంది, నిజమే. ఇంజనీరింగ్ అయితే ఇంత బాధ లేదు, అక్కడి ప్రైవేట్ కాలేజీలకి కామెడ్-కే పరీక్ష ఉంది, ఏ రాష్ట్రం వాళ్ళైనా రాయొచ్చు. కానీ ఆ నిర్ణయం పాప తీసుకోవాలి గానీ మనం లెక్క చూసుకోక దారి మూసేసి, తర్వాత నువ్వు మనసు మార్చుకున్నావులే అనుకోవడం సరికాదు.

మరి మంచి మాట ఏంటంటే, ఏడు, ఎనిమిది ఈ రెండేళ్ళూ ఆమె ఎక్కడ చదివినా ఏమీ పోదు. తొమ్మిదికి వెనక్కి వచ్చేస్తే తెలంగాణ లోకల్ చెక్కుచెదరదు. అంటే మీ చేతిలో రెండేళ్ళ సమయం ఉంది. బెంగళూరు మీకు పడుతుందో లేదో, కంపెనీ ఎలాంటిదో, నీకు ఉద్యోగం దొరుకుతుందో లేదో చూసుకోవడానికి రెండేళ్ళు బాగానే సరిపోతుంది. అందుకే నేను మొదట్లో తేదీ, తేదీ అన్నాను. పాప ఎనిమిదిలో ఉండగా సంక్రాంతి సెలవులకి ఇంటికొస్తారు కదా, ఆ రోజుల్లో కూర్చుని తేల్చుకోండి. ఫిబ్రవరికి తోసేస్తే పరీక్షలంటారు, తర్వాత అడ్మిషన్లంటారు, తెలియకుండానే జూన్ దాటిపోతుంది.

బాబుది పూర్తిగా వేరే లెక్క. వాడు రెండులో చేరి అక్కడే ఉండిపోతే పదకొండేళ్ళ చదువు అవుతుంది, కర్ణాటక కోటాకి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకి లోకల్ ఎవరు అన్నది వేరే నియమం, 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తారు, అందులో కనీసం నాలుగేళ్ళు ఇక్కడ ఉండాలి. 95 శాతం పోస్టులు లోకల్ వాళ్ళవే. పాప ఇప్పటికే ఆరేళ్ళు మహబూబ్‌నగర్‌లో చదివింది, ఆమెకి అది భద్రం. బాబుకి ఒక్క సంవత్సరమే ఉంది. రెండేళ్ళలో తిరిగొస్తే వాడికి ఆ ఒకటీ, నాలుగు నుంచి ఏడు దాకా నాలుగూ కలిపి అయిదేళ్ళు అవుతాయి, బాగానే సరిపోతాయి. ఇంకో సంవత్సరం ఆగితే సరిగ్గా నాలుగే, అది కూడా దాటితే సరిపోవు. చూశావా, పాప గడువు లోపల తిరిగొస్తే బాబుకీ ఏమీ పోదు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి సంవత్సరం వచ్చే నోటిఫికేషన్‌లో లోకల్ అనే పేజీ ఒక్కటైనా చదువుతూ ఉండు.

కులం సర్టిఫికెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బీసీ-డి అన్నది తెలంగాణ జాబితా. కర్ణాటకలో వాళ్ళ జాబితాలు, వాళ్ళ కేటగిరీలు వేరు, అక్కడికి మారినంత మాత్రాన అక్కడి రిజర్వేషన్ రాదు. కేంద్ర ఉద్యోగాలకీ కేంద్ర సంస్థలకీ మాత్రం సొంత రాష్ట్రంలో తీసుకున్న ఓబీసీ సర్టిఫికెట్టే పనికొస్తుంది, కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

భాష గురించి నీకు భయం ఉండే ఉంటుంది, రాయలేదు గానీ. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం సీబీఎస్ఈ స్కూల్ అయినా కన్నడ నేర్పాల్సిందే. మా వాడి మొదటి కన్నడ నోట్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మన క, కన్నడ క ఒంటికి ఒకటే, తలకట్టు దగ్గరే తేడా. మనం టిక్కు పెట్టినట్టు పైకి గీస్తాం, వాళ్ళు అడ్డంగా గీత లాగి చివర చిన్న మెలిక తిప్పుతారు. వీడు అన్ని అక్షరాలకీ మన తలకట్టే పెట్టాడు. టీచర్ ఒక్కో అక్షరం మీదా ఎర్ర ఇంకుతో అడ్డగీత గీసింది, పేజీకి నలభై యాభై గీతలు. నేను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, వాడు మాత్రం మూడు నెలల్లో బస్సు బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. తెలుగు వచ్చిన పిల్లలకి కన్నడ రావడం కష్టం కాదు చెల్లీ, అది గ్యారంటీగా చెప్తాను. బొమ్మసంద్ర, చందాపుర వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు ఎటు చూసినా ఉంటారు, నువ్వు మొదటి రోజు కూరగాయలు కొనడానికి కూడా ఇబ్బంది పడవు.

అసలు కష్టం తిరిగి వచ్చాక మొదలైంది. తొమ్మిదో తరగతిలో మా వాడి తెలుగు నోట్సులో తలకట్లన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి. వత్తులు తప్పులు, పద్యాలు నోటికి రావు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కదా అని ఆరేళ్ళు చదవడం, రాయడం పట్టించుకోలేదు, ఆ తప్పు నాదే. మా నాన్న మంచంలో ఉండి కూడా వాడితో రోజూ పేపర్ హెడ్డింగులు పైకి చదివించేవాడు, అలా గాడిలో పడ్డాడు. ఇప్పుడైతే 2018 చట్టం వచ్చాక తెలంగాణలో ఏ బోర్డు అయినా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. కాబట్టి వెళ్ళేటప్పుడు ఇక్కడి ఏడు, ఎనిమిది తెలుగు వాచకాలు రెండూ పెట్టెలో పెట్టుకో. నువ్వు టీచర్‌వి, రోజుకి అరగంట చాలు.

ఇక అత్తమ్మ. రానంటోంది అని ఒక్క మాటలో రాశావు. ఎందుకు రానంటోందో ఎవరైనా పక్కన కూర్చుని అడిగారా? డెబ్బై దాటిన మనిషికి మూడో అంతస్తు ఫ్లాట్ అంటే జైలే, మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగలేదు, పలకరించే మనిషి ఉండదు. పాలమూరులో వలస అంటే తెలియనివాళ్ళు లేరు, కాలవలు తవ్వడానికీ, బిల్డింగులు కట్టడానికీ దేశమంతా పోయిన జిల్లా ఇది. ముసలివాళ్ళని ఇంటికి కాపలా పెట్టి వెళ్ళిన ఊళ్ళని ఆమె కళ్ళారా చూసి ఉంటుంది. నేనూ అలా మిగిలిపోతానేమో అన్న దిగులుతో ముందే రానని అనేసి ఉండొచ్చు. అప్పుడు వెళ్ళినవాళ్ళకి వేరే దారి లేదు. మీకు ఉంది, కాబట్టి ఆమెకి ముందుగా చెప్పి, ఆమె మాట విని చేయొచ్చు.

ఆమె ఆరోగ్యానికి ఒక పని వెంటనే చేయండి. 70 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 2024 అక్టోబర్ నుంచి ఉంది. సంవత్సరానికి 5 లక్షల దాకా ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చు వస్తుంది, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో చెల్లుతుంది, బెంగళూరులో చేరాలంటే మాత్రం ఆ ఆస్పత్రి ఈ కార్డు తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. ఆధార్ ఉంటే చాలు. ఆరోగ్యశ్రీ మన రాష్ట్రం పథకం, దాన్ని నమ్ముకుని బెంగళూరులో చేరితే కుదరదు. ఆమె ఇక్కడే ఉంటానంటే ఆడబిడ్డతో ఇప్పుడే మాట్లాడండి, వారానికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తుందా, రాత్రి తోడు ఎవరు, షుగర్ మందులు ఎవరు తెస్తారు, ఖర్చు ఎవరిది. ఈ మాటలు మీ ఆయన మాట్లాడాలి, నువ్వు కాదు. కోడలు అడిగితే వదిలించుకుంటోంది అంటారు, కొడుకు అడిగితే ఏర్పాటు చేస్తున్నాడు అంటారు. అన్యాయమే, కానీ మన ఇళ్ళల్లో అలాగే ఉంది.

మీ ఆయన మీద నాకు కోపం లేదు. పదకొండేళ్ళు ఒకేచోట చేసి 42 వేల దగ్గర ఆగిపోయిన మనిషికి ఎదుగూ బొదుగూ లేదనిపించడం సహజం. ఆయనకి కావాల్సింది బెంగళూరు కాదేమో, ఆ కంపెనీలోంచి బయటపడటమేమో, ఒక్కసారి నెమ్మదిగా అడుగు. ఎందుకంటే మీకు వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంది, మందుల కంపెనీలకి దేశంలోనే పేరున్న చోటు, జీనోమ్ వ్యాలీ, జీడిమెట్ల, పాశమైలారం. ఆయన అక్కడ ఎన్ని ఇంటర్వ్యూలకి వెళ్ళాడు? వెళ్ళకపోతే బెంగళూరు ఆఫర్ చేతిలో పట్టుకుని ఈ నెలలోనే నాలుగైదు చోట్ల ప్రయత్నించమను. చేతిలో ఆఫర్ ఉన్నవాడికి జీతం బాగా పలుకుతుంది. హైదరాబాద్‌లో 8 లక్షలకి వచ్చినా పిల్లల లోకల్ ఎటూ పోదు, అత్తమ్మ దగ్గరికి రెండు గంటల్లో రావొచ్చు. మహబూబ్‌నగర్ నుంచి తిన్నగా బెంగళూరుకి దూకేముందు మధ్యలో ఇది ఒకటి ఉందని మీ ఇద్దరికీ ఎందుకు తోచలేదో నాకు అర్థం కాలేదు.

అయినా బెంగళూరే అనుకుంటే, ఆయన ఏప్రిల్‌లో ఒక్కడే వెళ్ళి ఏ పీజీ హాస్టల్లోనో ఉంటాడు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వెళ్ళే వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది, నెలకి రెండుసార్లు వచ్చిపోవచ్చు. మే సెలవుల్లో నువ్వూ పిల్లలూ వెళ్ళి మూడు వారాలు ఉండండి. ఊరు చూడ్డానికి కాదు, బతికి చూడ్డానికి. ఆయన ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తున్నాడో చూడు. బొమ్మసంద్ర దాకా 2025 ఆగస్టు నుంచి మెట్రో ఎల్లో లైన్ నడుస్తోంది, దాని దగ్గర్లో ఇల్లు దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ మూడు వారాల్లో నువ్వు కనీసం పది స్కూళ్ళకి రెజ్యూమే ఇవ్వు, మే నెలలోనే టీచర్లని తీసుకుంటారు. ఉద్యోగం చేతికొస్తే జూన్‌లో పిల్లల్ని మార్చు. రాకపోతే ఈ సంవత్సరం నువ్వు ఇక్కడే ఉండు, ఆయన అక్కడ ఉంటాడు, కష్టమే గానీ 16 వేల లోటుతో, అప్పుతో నలుగురూ ఒకచోట ఉండడం కంటే తక్కువ కష్టం.

ఇల్లు చూసేటప్పుడు గోడలూ టైల్సూ తర్వాత, ముందు నీళ్ళు అడుగు. కావేరి నీళ్ళు వస్తాయా, బోరా, ట్యాంకరా? 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం ఎలా ఎదురుచూశారో అందరం చూశాం. ఓనరు చెప్పింది నమ్మకు, ఆ బిల్డింగ్‌లో కింద ఆడుకుంటున్న పిల్లల అమ్మని అడుగు, ఆమె నిజం చెప్తుంది. అడ్వాన్సు కూడా పెద్ద దెబ్బే, అయిదారు నెలల అద్దె అడగడం మామూలు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకుంటారు. మా ఓనరు ఆ పైన ఇంకో నెల కోశాడు, అగ్రిమెంట్‌లో రాయించుకోలేదు కాబట్టి ఏమీ అనలేకపోయాం. నువ్వు రాయించుకో. లక్ష, లక్షా ఇరవై వేలు ఆ అడ్వాన్సుకి పక్కన పెట్టుకోకుండా బయల్దేరొద్దు. ఇక వాతావరణం మాత్రం మన ఎండలు పడ్డ ప్రాణానికి స్వర్గమే, అది ఒప్పుకోవాలి.

చిన్న కాగితం పనులు కొన్ని ఉంటాయి. బండి తీసుకెళ్తే 12 నెలలు దాటాక అక్కడ రిజిస్ట్రేషన్ మార్పించాలి, ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ కావాలి, అక్కడ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, అందుకే రెండేళ్ళ కోసం అయితే కారు ఇక్కడే వదిలెయ్యమంటాను. పాత పీఎఫ్ డ్రా చేయనివ్వకు, అదే యూఏఎన్, అంటే అదే పీఎఫ్ నంబరు మీద కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ అవుతుంది.

నీ సంగతి ఒకటి మిగిలింది. బీఎడ్ చేశావో లేదో రాయలేదు. చేసి ఉంటే డీఎస్సీ ఆశ ఎక్కడో ఉండే ఉంటుంది. నువ్వు బెంగళూరు వెళ్ళినా ఆ ఆశ చంపుకోనక్కర్లేదు. నువ్వు ఒకటి నుంచి ఏడు దాకా మహబూబ్‌నగర్‌లోనే చదివి ఉంటే ఎక్కడ కాపురం ఉన్నా ఆ జిల్లా లోకల్‌వే. నోటిఫికేషన్ పడితే వచ్చి రాయొచ్చు. ఇది మీ ఆయనకి కూడా చెప్పు. నీకు ఉద్యోగం వస్తే అందరూ వెనక్కి రావాల్సి వస్తుందని ఆయనకి ఇప్పుడే తెలిసి ఉండాలి.

పాప ఆరో తరగతి అయిపోగానే టీసీతో పాటు ఒకటి నుంచి ఆరు వరకు బోనఫైడ్ సర్టిఫికెట్లు కూడా అడిగి తీసుకో, బాబుది ఒకటో తరగతిదీ అంతే. తరగతి వారీగా, సంవత్సరం వారీగా, స్టాంపుతో ఉండాలి. ప్రైవేట్ స్కూళ్ళు మూతపడతాయి, పేర్లు మారతాయి, పదేళ్ళ తర్వాత ఒక్క కాగితం కోసం తిరిగితే ఎవరూ దొరకరు. మా వాడి నాలుగో తరగతి బోనఫైడ్ కోసం నేను బెంగళూరుకి రెండుసార్లు వెళ్ళాను, ఆ స్కూల్ ఉన్న చోట ఇప్పుడు ఫర్నిచర్ షాపు ఉంది. హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చాక ఆ సంఖ్య నాకు రాసి పంపు, అత్తమ్మ ఏమందో అది కూడా.